హుద్‌హుద్‌ను మీరు చూశారా?

2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన తుపాను పేరు చిన్నపిల్లలకు సైతం గుర్తుండిపోయింది. హుద్‌హుద్‌. ఆ పేరును సూచించిన దేశం ఒమన్‌. వారాల తరబడి పత్రికలలో, రేడియోలో, టీవీలలో అదే మాట మారుమోగింది. కాని అది ఒక పిట్ట పేరని, దివ్య ఖుర్‌ఆన్‌లో ప్రస్తావనకు నోచుకున్న పిట్ట అని, అది ఎక్కడో అరబ్బు దేశంలో కాక మన ఊరి బీడు భూముల్లోనే తిరుగుతున్నదని తెలిసినవారు మనలో బహు తక్కువ.

గోధుమ, నారింజ కలిసిన ఒంటి రంగు. నలుపు తెలుపు పట్టెల రెక్కలు. పొడవాటి వంకర ముక్కు. తలమీద విసనకర్రలా విచ్చుకొని, మళ్లీ ముడుచుకొనే తురాయి. పదునుగా ఉన్న నేలలో ముక్కు గుచ్చి పురుగులను లాగి తింటుంది. 'ఊప్‌ ఊప్‌ ఊప్‌' అని మెల్లగా కూస్తుంది. చాలామంది దీన్ని చూసి వడ్రంగి పిట్ట అనుకొని వెళ్లిపోతారు. పాఠశాల మైదానం, ఈద్‌గాహ్‌, ఖబరస్తాన్‌, పొలం గట్టు ఇవే దానికి మేత భూములు.

సూరా నమ్ల్‌లో దీని వృత్తాంతం ఉంది. హజ్రత్‌ సులైమాన్‌ (అలైహిస్సలాం) పక్షుల దళాన్ని పరిశీలిస్తారు. హుద్‌హుద్‌ కనిపించదు. ఆయన ఆగ్రహిస్తారు. కొంతసేపటికే అది వచ్చి, సబా దేశం నుండి రూఢి అయిన సమాచారం తెచ్చానని, అక్కడి రాణి, ఆమె ప్రజలు అల్లాహ్‌ను విడిచి సూర్యునికి సాష్టాంగపడుతున్నారని విన్నవిస్తుంది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. కళ్లారా చూసి వచ్చానన్నా సులైమాన్‌ (అ) వెంటనే నమ్మలేదు. నీవు నిజం చెబుతున్నావో అబద్ధమాడుతున్నావో చూస్తామన్నారు. పిట్ట తెచ్చిన కబురునైనా పరిశీలించి గాని స్వీకరించరాదన్న పద్ధతి ఇందులో ఉంది. ఈ మాట తర్వాత మనకు పనికి వస్తుంది.

ఇప్పుడీ పిట్ట ప్రస్తావన ఎందుకు వచ్చిందో చెబుతాను. ఈమధ్య మన కుర్రాళ్లలో కొందరికి కొత్త అలవాటు పట్టుకుంది. ఫజ్ర్‌ నమాజు ముగియగానే ఫోనో, చిన్న కెమెరానో పట్టుకొని చెరువు గట్లమీద, గుట్టల వెంట తిరుగుతున్నారు. పిట్టలు, సీతాకోక చిలుకలు, సాలెగూళ్లు, మబ్బులు, బండరాళ్లు... కనిపించినదల్లా ఫొటో తీస్తున్నారు. అడిగితే 'అల్లాహ్‌ సృష్టిని చూస్తున్నాం' అంటున్నారు. వీళ్ల తల్లులు మాత్రం దిగులు పడుతున్నారు. 'మౌల్వీ సాబ్‌, మావాడు ప్రాణమున్న వాటి బొమ్మలు తీస్తున్నాడు. ఇది గునాహ్‌ అవుతుందా?' అని అడిగినవారు ఒకరిద్దరు కాదు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసివేయకూడదు. అలాగని పిల్లవాడి చేతిలోని వస్తువును లాక్కోవడమే జవాబు అనుకోనక్కరలేదు.

తస్వీర్‌ సంగతి

చిత్రాలు చేసేవారి విషయంలో హదీసులలో కఠినమైన హెచ్చరికలున్నాయి. దాన్ని దాచి మాట్లాడటం విద్వాంసులకు తగదు. సృష్టించడం అల్లాహ్‌ పని. దానికి పోటీగా మనిషి తన చేత్తో ప్రాణుల రూపాలు కల్పించడం, ఆ రూపాలే కాలక్రమాన పూజలందుకోవడం మానవ చరిత్రలో ఎన్నిసార్లు జరిగిందో మనకు తెలుసు. మరి కెమెరా తీసిన ఫొటో కూడా ఆ కోవలోకే వస్తుందా? ఉలేమాలలో అభిప్రాయ భేదం ఇక్కడే మొదలవుతుంది.

మన ఉపఖండంలోని ఉలేమాలలో చాలామంది, చేత్తో గీసినా యంత్రంతో తీసినా ప్రాణి బొమ్మ బొమ్మేనన్నారు. పాస్‌పోర్టు, హజ్‌ ప్రయాణం, గుర్తింపు కార్డు వంటి అవసరాలకు మాత్రం సడలింపు ఇచ్చారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్‌ ముహమ్మద్‌ బఖీత్‌ అల్‌ ముతీయీ వేరే విధంగా ఆలోచించారు. ఫొటోలో మనిషి కొత్తగా కల్పించేదేమీ లేదు, అల్లాహ్‌ చేసిన రూపం నీడను పట్టి నిలపడమే, అద్దంలో ప్రతిబింబం వంటిది అన్నది ఆయన వాదం. అరబ్బు దేశాలలో ఎందరో ఈ మార్గాన్ని అనుసరించారు. ఇక డిజిటల్‌ కెమెరాలు వచ్చాక, తెర మీద కనిపించి మాయమయ్యేది కాగితంపై అచ్చయ్యేదాకా తస్వీర్‌ కిందకు రాదన్నవారు మన ఉపఖండపు ఉలేమాలలోనే ఉన్నారు.

ఇందులో ఎవరు ఏ విద్వాంసుణ్ణి నమ్మి నడుస్తున్నారో ఆ మార్గానే నడవాలి. ఒకరు మరొకరిని ఎత్తిపొడవడం మంచిది కాదు. నా మట్టుకు నేను, ప్రాణుల ఫొటోలను నమాజు చేసే గది గోడకు తగిలించడాన్ని ఒప్పుకోను. చూడటానికి, నేర్చుకోవడానికి, నేర్పడానికి తీసిన ఫొటో వేరు, ఫ్రేము కట్టి దండ వేసే ఫొటో వేరు.

అయితే కఠినమైన అభిప్రాయాన్ని పాటించే ఇంటి పిల్లవాడికి ఈ దారి మూసుకుపోయిందా? మూసుకుపోలేదు. బొమ్మలు గీసి పొట్టపోసుకొనే ఒక వ్యక్తి హజ్రత్‌ ఇబ్నె అబ్బాస్‌ (రజి) దగ్గరికి వచ్చి తన గోడు చెప్పుకొన్నాడు. ఆయన ముందు హదీసు వినిపించారు. ఆ మనిషి ముఖం పాలిపోవడం చూసి, తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేని వస్తువులను చిత్రించుకొమ్మని సలహా ఇచ్చారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఈ ఉదంతం ఉంది. ఉలేమాలలో అత్యధికులు ఈ మేరకు ఏకాభిప్రాయంతో ఉన్నారు. అంటే కొండ, చెరువు, మబ్బు, పంట చేను, తాటితోపు వీటి విషయంలో పేచీయే లేదు. పిట్ట లేకుండా పిట్ట గూడు తీయవచ్చు. జింక లేకుండా జింక అడుగుజాడ తీయవచ్చు. రాలిన ఈక, పాము విడిచిన కుబుసం, మంచు పట్టిన సాలెగూడు, ఇసుకలో పీత తోడిన బొరియ తీయవచ్చు. ఇవి తక్కువ రకం ఫొటోలు అనుకోవద్దు. అడవిలో పనిచేసే పరిశోధకులు జంతువుకన్నా ముందు వెతికేది దాని జాడలనే.

చీకటి గది

మన సభల్లో కొందరు ఉత్సాహం కొద్దీ, కెమెరా అన్న మాట అరబీలోని 'ఖమరా' నుండి పుట్టిందని చెబుతుంటారు. అది సరికాదు. అది లాటిన్‌ మాట. గది అని అర్థం. లేని గొప్పను అంటగట్టుకోవలసిన అవసరం మనకు లేదు. ఉన్నది చాలు. క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో జన్మించి, 1040 ప్రాంతంలో కైరోలో మరణించిన ఇబ్నుల్‌ హైసం, వెలుగు వస్తువు నుండి కంటికి వస్తుందే గాని కన్ను కిరణాలను విసరదని 'కితాబుల్‌ మనాజిర్‌'లో వాదించి, ప్రయోగాలతో నిరూపించాడు. చిన్న రంధ్రం గుండా చీకటి గదిలోకి వచ్చే వెలుగును పరీక్షించాడు. గ్రహణం పట్టిన సూర్యుడు ఆ రంధ్రం ఎదుట గోడమీద నెలవంకలా ఎందుకు పడతాడో ఒక ప్రత్యేక గ్రంథంలో చర్చించాడు. 'కితాబుల్‌ మనాజిర్‌' లాటిన్‌లోకి వెళ్లి ఐరోపా పండితులకు పాఠమైంది. ఫొటోగ్రఫీ లోకానికి వెల్లడైనది ఎంతో కాలం తర్వాత, 1839లో. దానిని కనిపెట్టినది ఆయన కాదు. అందులోకి వెలుగు ఎలా ప్రవేశిస్తుందో చెప్పినవారిలో ముందువరుసలో ఉన్నది మాత్రం ఆయనే.

వెలుగు అనగానే ఇంకో సంగతి. నమాజు వేళలను మన పెద్దలు గడియారం చూసి కాదు, నీడను కొలిచి నిర్ణయించారు. మిట్టమధ్యాహ్నపు నీడను మినహాయించి, కర్ర నీడ కర్రంత అయితే అస్ర్‌ వేళ అని కొందరు ఇమాములు, రెండంతలు అయితేనని ఇమాం అబూ హనీఫా (రహ్మ) చెప్పారు. ఏ ఫొటోగ్రాఫర్‌నైనా అడగండి, మధ్యాహ్నం తీసిన ఫొటో చప్పగా ఉంటుందని, నీడలు సాగిన తర్వాతనే చెట్టుకు, రాయికి, ఈకకు ఆకారం వస్తుందని చెబుతాడు. ఫజ్ర్‌ తర్వాత గంటన్నర, అస్ర్‌ నుండి మగ్రిబ్‌ వరకు. ఐదు పూటల నమాజు పాటించే కుర్రవాడు ఈ రెండు వేళలకూ మేలుకొనే ఉంటాడు.

నాలుగు జీవులు

హజ్రత్‌ ఇబ్నె అబ్బాస్‌ (రజి) ఉల్లేఖించిన మరో హదీసు అబూ దావూద్‌లో ఉంది. దైవప్రవక్త (స) నాలుగు జీవులను చంపవద్దని వారించారు. చీమ, తేనెటీగ, హుద్‌హుద్‌, సురద్‌. ఈ నాలుగూ మన పల్లెల్లోనే ఉన్నాయి. కొత్తగా కెమెరా పట్టిన పిల్లలకు నేను ఇచ్చే మొదటి పని, ఈ నాలుగింటినీ వెతికి చూడమని.

చీమ గురించి చెప్పనక్కరలేదు, సూరా నమ్ల్‌ పేరే చీమ. వాన రాబోయే ముందు గుడ్లు మోసుకుపోయే చీమల బారును పడుకొని, కళ్లను నేలకు ఆన్చి చూడాలి.

తేనెటీగ సంగతి వేరు. సూరా నహ్ల్‌ 68వ ఆయతులో అల్లాహ్‌ తేనెటీగకు మూడు నివాసాలు సూచించిన ప్రస్తావన ఉంది. కొండలు, చెట్లు, మనుషులు కట్టే కట్టడాలు. పట్నవాసులారా, మీ కాలనీ వాటర్‌ ట్యాంకు అడుగున నల్లటి గుమ్మడికాయలా వేలాడే పెద్ద తేనెపట్టును గుర్తు చేసుకోండి. కొండచరియకు పట్టే ఈగే అక్కడా పట్టు పెట్టింది. మూడో నివాసాన్ని మీ కిటికీలోంచే ఫొటో తీయవచ్చు. కిరోసిన్‌ గుడ్డతో పొగపెట్టించే ముందు ఒక్కసారి ఆ ఆయతు చదివి చూడండి.

హుద్‌హుద్‌ గురించి చెప్పుకొన్నాం. ఇక సురద్‌. ఇది ఏ పక్షి అన్నదానిపై ఎక్కువమంది చెప్పేది, ఉర్దూలో మనం లటోరా అనే పిట్ట అని. పిడికెడంత పిట్ట. కళ్ల మీదుగా దొంగ కట్టుకున్న నల్లని ముసుగులాంటి పట్టె, చివర వంగిన గట్టి ముక్కు. ముళ్ల కంప కొన మీద, కరెంటు తీగ మీద ఒంటరిగా కూర్చొని మిడతను, తొండపిల్లను కనిపెట్టి పట్టుకుంటుంది. తినగా మిగిలినదాన్ని తుమ్మముల్లుకు గుచ్చి దాచుకుంటుంది. మన వీధి చివర కసాయి కొక్కెం ఉన్నట్టే దానికి ముల్లు. చలికాలంలో ఉత్తరాది దేశాల నుండి వచ్చే లటోరాలు కూడా ఉన్నాయి. అవి ఏటా మళ్లీ అదే కంపకు రావడం గమనించవచ్చు.

ఈ నాలుగింటి తర్వాత గిజిగాడు. వానాకాలంలో బావి మీదికి వంగిన ఈత, తాటి, తుమ్మ చెట్లకు వేలాడే గూళ్లను చూడని పల్లెవాసి ఉండడు. గూడు అల్లేది మగపక్షి. సగం అల్లి, టోపీలా ఉన్నప్పుడు ఆగి, రెక్కలాడిస్తూ ఆడపక్షిని పిలుస్తుంది. ఆమె వచ్చి లోపల దూరి, లాగి, పీకి చూస్తుంది. నచ్చితే మిగతా గొట్టం అల్లుతాడు. నచ్చకపోతే ఆ గూడు అక్కడే వదిలి మరోటి మొదలుపెడతాడు. అందుకే ఒకే చెట్టుకు సగం గూళ్లు అన్ని కనిపిస్తాయి. దీపం కోసం మిణుగురు పురుగును మట్టిలో గుచ్చుతుందని మన నానమ్మలు చెప్పేవారు. మిణుగురు మాట కథే గాని, గూటి లోపల తడిమట్టి ముద్దలు పూయడం మాత్రం నిజం.

కొండల విషయంలో మనం మరీ నిర్లక్ష్యంగా ఉన్నాం. సూరా ఫాతిర్‌ 27వ ఆయతులో కొండలలోని తెలుపు, ఎరుపు చారల గురించి, కటిక నలుపు గురించి ప్రస్తావన ఉంది. ఆ వెంటనే 28వ ఆయతులో, అల్లాహ్‌కు భయపడేది జ్ఞానం గలవారేనన్న భావం వస్తుంది. రంగురాళ్ల ముచ్చట పక్కనే జ్ఞానం ముచ్చట! కరీంనగర్‌ గుట్టల గోధుమవన్నె గ్రానైటు, ఖమ్మం నల్లరాయి ఓడలెక్కి దేశాలు దాటాయి. మీ ఊరి గుట్టను ఈ ఏడు ఫొటో తీసి, వచ్చే ఏడు అదే చోట నిలబడి మళ్లీ తీయండి. గుట్ట ఉంటుందో, ఊట నీళ్లతో నిండిన గొయ్యి ఉంటుందో.

ఈకకు అపకారం లేకుండా

అబ్దుల్లా ఇబ్నె మసూద్‌ (రజి) చెప్పిన ఉదంతం ప్రతి ఫొటోగ్రాఫరూ తెలుసుకోదగినది. ఒక ప్రయాణంలో సహాబాలు రెండు కూనలతో ఉన్న ఒక చిన్న పిట్టను చూశారు. కూనలను తీసుకున్నారు. తల్లి పిట్ట వచ్చి రెక్కలు కొట్టుకుంటూ వారిమీద తిరుగాడింది. దైవప్రవక్త (స) అది చూసి, బిడ్డల విషయంలో దాన్ని దుఃఖపెట్టినదెవరని అడిగి, కూనలను తిరిగి ఇచ్చివేయమని ఆజ్ఞాపించారు.

ఫొటోల పేరిట ఇవాళ జరుగుతున్నది చూస్తే ఆ తల్లి పిట్టే కళ్ల ముందు మెదులుతుంది. గూడు బాగా కనిపించాలని అడ్డున్న కొమ్మలు విరిచేవారున్నారు. ఆ కొమ్మలే గుడ్లకు ఎండ నుండి, కాకి కన్ను నుండి కాపు. ఫోనులో పిట్ట కూతను వినిపించి, పోటీ పిట్ట వచ్చిందని భ్రమపడేలా దాన్ని రప్పించేవారున్నారు. చీకట్లో గుడ్లగూబ కళ్లలోకి ఫ్లాష్‌ కొట్టేవారున్నారు. నేలపట్టు వంటిచోట గూడబాతులు బెదిరి ఒక్క నిమిషం గూడు విడిచినా కాకులకు అదే అదను. పక్షి మీ వైపు చూసి మేత ఆపిందంటే మీరు హద్దు దాటారన్నమాట. వెనక్కి తగ్గండి. అభయారణ్యాలలో ఫొటోలకు అటవీశాఖ అనుమతి తీసుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం తప్పనిసరి.

అదే చట్టం మన ఇళ్లలోని ఒక ముచ్చటకూ వర్తిస్తుంది. పంజరంలో మిట్టూ. రామచిలుకను పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. హజ్రత్‌ అనస్‌ (రజి) తమ్ముడు అబూ ఉమైర్‌ ఒక చిన్న పిట్టను పెంచుకోవడం, దైవప్రవక్త (స) దాని గురించి ఆ పిల్లవాణ్ణి ముద్దుగా అడగడం ఆధారంగా, సరిగా చూసుకుంటే పక్షిని పెంచవచ్చన్న విద్వాంసులున్నారు. నిజమే. కాని దొడ్డిలో జామచెట్టుకు వచ్చే చిలుకల గుంపును చూసి ఆనందించే వీలున్నప్పుడు, చట్టానికి వ్యతిరేకంగా ఒకదాని రెక్కలు కత్తిరించి ఇనుప తీగల మధ్య కూర్చోబెట్టడం ఎందుకు?

మనలో ఒకడైన బాలుడి సంగతి ఇక్కడ చెప్పాలి. బొంబాయిలో తల్లిదండ్రులు లేక మేనమామ ఇంట పెరుగుతున్న ఒక పదేళ్ల పిల్లవాడు బొమ్మ తుపాకితో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. మామూలు పిచ్చుక కాదు. ముస్లిముగా దీన్ని తినవచ్చా అన్న సందేహం వచ్చింది. మామ అమీరుద్దీన్‌ తయ్యబ్జీకీ అది ఏ పిట్టో తెలియక, బొంబాయి సహజ చరిత్ర సంఘానికి పంపాడు. అక్కడ మిల్లర్డ్‌ దొర దాన్ని గుర్తించి, పిల్లవాడికి అల్మారాల నిండా ఉన్న పక్షులను చూపించాడు. ఆ పిల్లవాడే డాక్టర్‌ సలీం అలీ (1896-1987). 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షులను సర్వే చేశాడు. 1941లో వెలువడిన ఆయన భారతీయ పక్షుల గ్రంథం నేటికీ వాడుకలో ఉంది. ఆయన మతాచారాలకు దగ్గరగా మెలగలేదని ఆయన ఆత్మకథే చెబుతుంది, కాబట్టి ఆయన్ను మనం ధార్మిక పురుషుడిగా చిత్రించబోవడం లేదు. హలాలా కాదా అన్న ఒక సందేహం పిల్లవాణ్ణి ఎంతదూరం తీసుకుపోగలదో చెప్పడమే ఉద్దేశం. ఆ ప్రశ్నకు ఇంట్లోనే 'నోరు మూసుకో' అన్న జవాబు వచ్చి ఉంటే?

సనద్‌ లేని ఫొటో

మద్రసాలో మొదట నేర్పేది హదీసుకు సనద్‌ ఎంత ముఖ్యమో. ఎవరు చెప్పారు, ఎవరి నుండి విన్నారు, ఎప్పుడు కలుసుకున్నారు. ఫొటోకూ అంతే. తీసినవారెవరు, ఏ ఊరు, ఏ చెరువు, ఏ తేదీ. ఇవి లేని ఫొటో ఎంత అందంగా ఉన్నా అది సాక్ష్యానికి పనికిరాదు. సులైమాన్‌ (అ) హుద్‌హుద్‌ను నిలదీసిన పద్ధతి ఇదే. కంప్యూటరులో లేని చంద్రుణ్ణి అతికించడం, కృత్రిమ మేధతో పుట్టించిన పక్షిని మా ఊరి పిట్ట అని పంపడం కట్టుకథ హదీసు లాంటిది. ఫోను గ్రూపుల్లో, చెట్టు కొమ్మల మీద అల్లాహ్‌ పేరు కనిపించిందని తిరిగే బొమ్మలలో ఎన్ని ఇటువంటివో! సృష్టికర్త మహిమకు మన అబద్ధాల ఆసరా అక్కరలేదు.

సాక్ష్యం ఎందుకు కావాలి? కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో ప్రధానంగా బట్టమేక పక్షి కోసం ఏర్పాటు చేశారు. మనిషి నడుము ఎత్తున ఉండి, గడ్డి మైదానంలో ఠీవిగా నడిచే పక్షి అది. ఇప్పుడక్కడ అది కనిపించడమే గగనమైంది. ఆనాడు తీసిన ఫొటోలే మిగిలాయి. కడప జిల్లా కలివికోడిది మరో చరిత్ర. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ దొరికింది. దాన్ని ముందు పట్టుకొన్నది రాత్రిపూట దీపంతో వేటాడే ఆ ప్రాంతపు మనిషి. తర్వాతి కాలంలో పరిశోధకులు చిట్టడవిలో తమంతట తామే ఫొటో తీసే కెమెరాలను అమర్చి, మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలను పట్టి దాన్ని వెతికారు. అనామ్‌ సూరా 38వ ఆయతు పక్షులను, జంతువులను మనవంటి సముదాయాలుగానే పేర్కొంటుంది. ఒక ఉమ్మత్‌ మన జిల్లాలోనే కనుమరుగైతే దాని పేరైనా మనకు తెలిసి ఉండాలి కదా.

ఖరీదైన కెమెరాలు కొనిపెట్టమని తల్లిదండ్రులను వేధించవలసిన పనిలేదు. గూళ్లకు, సాలెపట్లకు, గుట్టలకు, మబ్బులకు మామూలు ఫోను చాలు. దూరపు పక్షులకైతే పాత బైనాక్యులర్సు ఒకటి దొరికినా కెమెరాకన్నా మేలు. నీయతు ఏమిటో తీసేవారికి తెలియాలి. ఎన్ని లైకులు వచ్చాయో లెక్కపెట్టుకోవడానికి తెల్లవారుజామున లేస్తే అది మరో వ్యాపారం.

గిజిగాడి గూళ్లు వానాకాలంలో. కార్తీక మాసం చలి మొదలయ్యాక పులికాట్‌ సరస్సుకు రాజహంసలు వస్తాయి. అక్కడికి దగ్గరలోనే, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న నేలపట్టు చెరువు చెట్లమీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు పెడతాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులోనూ, కైకలూరు దగ్గర ఆటపాకలోనూ కొంగలు, గూడబాతులు చేరతాయి. ఇంత దూరం వెళ్లలేనివారు శుక్రవారం జుమాకు కాస్త ముందుగా బయలుదేరి, ఖబరస్తాన్‌ గోడ పక్కన తడి నేలను చూడండి. తురాయి ముడుచుకొని, ముక్కుతో నేలను పొడుస్తూ నడిచే పిట్ట కనిపిస్తే పది గజాల దూరంలోనే ఆగండి. కాసేపటికి అది తలెత్తి తురాయి విప్పుతుంది.